మూడూ గ్రీనే, మరి పని ఎందుకు ఆగింది?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఓ ఐటీ సర్వీసెస్ కంపెనీలో పదమూడేళ్లుగా పనిచేస్తున్నాను. ఐదేళ్ల నుంచి ప్రాజెక్టు మేనేజర్‌ని, పీఎంపీ (ప్రాజెక్టు మేనేజర్లకిచ్చే సర్టిఫికెట్) ఉంది. విదేశాల్లోని ఒక ఇన్సూరెన్స్ సంస్థ మా క్లయింటు. వాళ్ల పాత పాలసీల డేటాని కొత్త సిస్టంలోకి మార్చే ప్రాజెక్టు నాది. ఏజెంట్ల మొబైల్ యాప్ ఇంకో టీమ్ చేస్తోంది, కాల్ సెంటర్ సిస్టం మరో టీమ్. ఇప్పుడు ఈ మూడింటినీ కలిపి ప్రోగ్రామ్ అంటున్నారు, నన్ను ప్రోగ్రామ్ మేనేజర్‌గా ఉండమంటున్నారు. శుక్రవారంలోగా చెప్పాలి. ‘ఒక ట్రాకర్ బదులు మూడు ట్రాకర్లు చూస్తావు, అంతేగా’ అంటారు మావారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. కాల్ సెంటర్ ప్రాజెక్టు చూసేవారు నేను ఫ్రెషర్‌గా చేరినప్పుడు నా లీడ్. ఇప్పటికీ సార్ అనే పిలుస్తాను. ఆయన్ని నేను స్టేటస్ అడగాలా? అసలు ఈ రెండు ఉద్యోగాలకీ తేడా ఏంటి? పీజీఎంపీ (ప్రోగ్రామ్ మేనేజర్ల సర్టిఫికెట్) కూడా చేయాలా?
– పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీవారి మాటతోనే మొదలుపెడతాను. చాలామంది డెలివరీ హెడ్‌ల (ప్రాజెక్టులన్నిటికీ పైనుండే పెద్దల) మనసులో ఉన్నదీ అదే మరి. సోమవారం పొద్దున్నే మూడు టీమ్‌ల దగ్గర స్టేటస్ అడిగి, ఒక పీపీటీలో పెట్టి, క్లయింటుకి పంపడమే పనైతే దానికి మీరు అక్కర్లేదు. పీఎంఓలో (కంపెనీలో ప్రాజెక్టుల లెక్కలు చూసే విభాగం) రెండేళ్ల అనుభవమున్న కుర్రాళ్లు ఆ పని మీకంటే చక్కగా చేస్తారు. పదమూడేళ్ల మనిషిని అడిగారంటే పైవాళ్లకి వేరే భయమేదో ఉండాలి. ఆ భయం ఏంటో మీ ఉత్తరంలోని మూడు ప్రాజెక్టుల పేర్లు చూస్తేనే తెలుస్తోంది.

ఇలా జరిగిందనుకోండి. క్లయింటు పాత సిస్టంలో పాలసీ నంబరుకి పది అంకెలు. బాగా పాత పాలసీలకి మొదట్లో రెండు సున్నాలుంటాయి. మీ టీమ్‌లో ఎవరో డేటా మార్చే దారిలో ఒక ఫైలుని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారు. ఎక్సెల్ దాని అలవాటు ప్రకారం ముందున్న సున్నాలు మింగేసింది. మీ సరిపోల్చే రిపోర్టులో ఏ తేడా రాలేదు. రికార్డుల లెక్క కుదిరింది, ప్రీమియం మొత్తం పైసాతో సహా కలిసింది. యాప్ టీమ్‌కి మీ డేటా ఇంకా అందలేదు కాబట్టి వాళ్లు సొంతంగా తయారుచేసుకున్న డమ్మీ డేటాతో టెస్ట్ చేశారు. అందులో అన్నీ నిండుగా పది అంకెలే. కాల్ సెంటర్ సిస్టంలో పది అంకెలు కొడితే గానీ సెర్చ్ బటన్ వెలగదు, ఎందుకంటే స్పెసిఫికేషన్‌లో క్లయింటు అడిగింది అదే. మూడు టీమ్‌లూ టెస్టింగ్ ముగించాయి, సైన్ ఆఫ్ (ఆమోదం) తీసుకున్నాయి, మూడూ గ్రీన్, అంటే అంతా సవ్యమే. గో లైవ్ రోజు, అంటే కొత్త సిస్టం వాడకంలోకి వచ్చే రోజు, పొద్దున ఒక ఏజెంటు తన ఇరవై ఏళ్ల నాటి కస్టమరు నంబరు కొడితే ‘ఈ పాలసీ లేదు’ అని వస్తుంది. ఆ కస్టమరు కంగారుపడి కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే అక్కడా అదే మాట.

ఆ సాయంత్రం కాల్‌లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ముగ్గురు మేనేజర్లూ తమ తమ స్కోప్ డాక్యుమెంట్లు (ఎవరి పని ఎంతవరకో రాసిన కాగితాలు) తీస్తారు. ముగ్గురి మాటా నిజమే. ఎవరికి వారే యమునా తీరే. ఆ రెండు సున్నాలు ఏ ప్రాజెక్టు స్కోపులోనూ లేవు, మూడింటి మధ్యలో ఉన్నాయి. ‘ఆ మధ్య చోటు ఎవరిది?’ అని క్లయింటు అడిగినప్పుడు ‘నాది’ అనాల్సిన మనిషి ప్రోగ్రామ్ మేనేజర్.

అందుకే దీన్ని పెద్ద సైజు ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ అనుకుంటే దెబ్బతింటారు. ప్రాజెక్టు మేనేజర్ ఒక వస్తువు అప్పగిస్తానని మాటిస్తారు: ఇంత పని, ఇన్ని రోజుల్లో, ఇంత ఖర్చులో. ఆ వస్తువు చేతికొచ్చాక క్లయింటు దాంతో ఏం చేసుకుంటాడన్నది సాధారణంగా ఆయన బాధ్యత కాదు. ప్రోగ్రామ్ మేనేజర్‌ని అడిగేది ఆ తర్వాతి ప్రశ్న: ఇవన్నీ చేతికొచ్చాక క్లయింటు పని మారిందా లేదా? విడివిడిగా నడిపితే దక్కని ప్రయోజనం కలిపి నడిపితే దక్కుతుందంటేనే ప్రోగ్రామ్ అనాలి. పీఎంపీ ఇచ్చే సంస్థ పీఎంఐ నిర్వచనం సారమూ ఇదే. పీఎంపీకి చదివేటప్పుడు మీరు చూసే ఉంటారు, పరీక్ష అవగానే మర్చిపోయీ ఉంటారు. అందరం అంతే. కలపడం వల్ల ఒరిగేదేమీ లేకపోయినా క్లయింటు ఒకరే కదా అని మూడు ప్రాజెక్టుల్ని ఒక పేరు కింద చేరిస్తే అది అకౌంటు అవుతుంది తప్ప ప్రోగ్రామ్ కాదు.

మీరుండే ఊళ్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఐటీ వాళ్లు దీన్ని ఎందుకు చెప్పుకోరో నాకు అర్థం కాదు.

1982లో అబ్దుల్ కలాం ఇస్రో నుంచి కంచన్‌బాగ్‌లోని క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కి డైరెక్టరుగా వచ్చారు. మరుసటి ఏడాది, 1983లో, సమీకృత గైడెడ్ క్షిపణుల అభివృద్ధి కార్యక్రమానికి కేంద్రం 388 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని ఇందులోవే. శాస్త్రవేత్తలు మొదట ఒకదాని తర్వాత ఒకటిగా చేద్దామనుకున్నారు. అన్నీ కలిపి ఒకేసారి మొదలుపెట్టమన్నది అప్పటి రక్షణ మంత్రి ఆర్. వెంకట్రామన్. ఆ ఒక్క నిర్ణయంతో వరసలో నిలబడాల్సిన ప్రాజెక్టులు ఒక ప్రోగ్రామ్ అయ్యాయి.

ఒక్కో క్షిపణికి ఒక్కో ప్రాజెక్టు డైరెక్టర్. పృథ్వికి వి.జె. సుందరం, అగ్నికి ఆర్.ఎన్. అగర్వాల్, ఆకాశ్‌కి ప్రహ్లాద, అలా. వీళ్ల తలనొప్పులు ఒకదానితో ఒకటి పోలినవి కావు. నాగ్ నాలుగు కిలోమీటర్ల దూరంలోని ట్యాంకుని కొట్టాలి, కాబట్టి దాని గొడవంతా లక్ష్యాన్ని వేడిని బట్టి గుర్తుపట్టే సీకర్ గురించి. ఆకాశ్ ఎగిరే విమానాన్ని కొట్టాలి, కాబట్టి క్షిపణి ఎంత ముఖ్యమో రాజేంద్ర రాడార్ అంత ముఖ్యం. పృథ్వికి ద్రవ ఇంధనం గొడవ. ఒక్కో డైరెక్టరూ తన క్షిపణి గురించి పగలూ రాత్రీ ఆలోచించాలి, పక్కవాళ్ల క్షిపణి గురించి ఆలోచించే తీరిక ఉండకూడదు కూడా. మంచి ప్రాజెక్టు మేనేజర్ అలాగే ఉంటారు. అది స్వార్థం కాదు, వాళ్లకి అప్పగించిన పనే అది.

మరి పక్కవాళ్ల గురించి ఎవరు ఆలోచించాలి? అగ్నినే చూడండి. 1989 మే 22న ఒడిశాలోని చాందీపూర్ నుంచి ఎగిరిన తొలి అగ్నికి రెండు దశలు. కింది దశ ఇస్రో ఉపగ్రహాల్ని పంపిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ నుంచి వచ్చిన ఘన ఇంధన మోటారు. పై దశ పృథ్వి ద్రవ ఇంధన ఇంజన్ మీద ఆధారపడినది. అంటే ఒక ప్రాజెక్టు తయారుచేసిన సరుకు ఇంకో ప్రాజెక్టుకి ముడిసరుకైంది. పృథ్వి 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోటలో తొలిసారి ఎగిరింది. అది ఓ ఏడాది వెనక్కి జరిగి ఉంటే పృథ్వి ట్రాకర్‌లో ఒక ఆలస్యంగానే కనిపించేది, అగ్ని ట్రాకర్‌లో అప్పటికి గ్రీన్‌గానే ఉండేదేమో. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్లకే అగ్ని కూడా జారిపోతోందని తెలుస్తుంది. పృథ్వి టీమ్ తన ఇంజన్‌లో ఏదైనా మార్చాలనుకున్నప్పుడు, ఆ మార్పు తమకి మంచిదా కాదా అని మాత్రమే చూస్తే సరిపోదు. అగ్నికి పనికొస్తుందా అని అడిగే మనిషి పైన ఒకరుండాలి.

ఇక ఏ ప్రాజెక్టుకీ చెందకుండా అన్నిటికీ కావాల్సినవి కొన్ని ఉంటాయి. చాందీపూర్‌లో ప్రయోగాల రేంజ్, అంటే క్షిపణుల్ని ఎగరేసి చూసే చోటు, కావాలి. పెద్ద ఎత్తున పరీక్షలకి కొత్త ప్రయోగశాలలు కావాలి, దాని కోసం హైదరాబాద్ శివార్లలో రీసెర్చ్ సెంటర్ ఇమారత్ లేచింది, 1985లో రాజీవ్ గాంధీ శంకుస్థాపన చేశారు. పొరుగునే ఉన్న ప్రత్యేక లోహాల సంస్థ మిధాని ప్రత్యేకమైన ఉక్కు ఇవ్వాలి. చివరికి వీటిని వందల్లో తయారుచేయాల్సింది భారత్ డైనమిక్స్ కాబట్టి డిజైన్ నాడే వాళ్లని కూర్చోబెట్టుకోవాలి. రేంజ్ కట్టడం పృథ్వి డైరెక్టరు పనా, ఆకాశ్ డైరెక్టరు పనా? ఎవరి పనీ కాదు, అందుకే ఎవరూ పట్టించుకోకపోతే ఆఖరి రోజున అందరూ ఆగిపోతారు. 1987లో అమెరికా, ఇంకో ఆరు దేశాలు కలిసి క్షిపణుల పరిజ్ఞానం బయటికి పోకుండా ఆంక్షలు పెట్టుకున్నప్పుడూ అంతే. ఆ దెబ్బ ఏ ఒక్క క్షిపణికో తగిలేది కాదు. ఏ విడిభాగాలు ఇక్కడే చేసుకోవాలి, ముందు ఏది, తర్వాత ఏది అన్నది మొత్తం మీద కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. ఐదుగురు డైరెక్టర్లు ఎవరి రిస్క్ రిజిస్టర్‌లో వాళ్లు అదే రిస్కుని రాసుకుంటూ కూర్చుంటే ఐదు రకాల పరిష్కారాలు, ఐదింతల ఖర్చు.

దీని రెండో వైపు కూడా చెప్పాలి. విజయగాథలా చెప్పి వదిలేస్తే మీకు సగమే ఉపయోగం. దగ్గరికొచ్చే విమానాల్ని కొట్టాల్సిన త్రిశూల్ చాలాసార్లు ఎగిరింది, కానీ సైన్యం చేతికి అందే ఆయుధంగా కుదురుకోలేదు. నౌకాదళం ఆగలేక ఇజ్రాయెల్ నుంచి బరాక్ క్షిపణులు కొనుక్కుంది. 2008లో త్రిశూల్‌ని మూసేశారు. మొత్తం కార్యక్రమం ముగిసిందని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రకటించిందీ ఆ ఏడాదే. ఆకాశ్ సైన్యంలోకి లాంఛనంగా చేరేసరికి 2015 వచ్చింది. ఇక్కడ మీరు గమనించాల్సింది ఆలస్యం కాదు, ఆలస్యాలు మనకి కొత్త కాదు. ‘ప్రయోగం విజయవంతం’ అనేది ప్రాజెక్టు మాట. ‘ఓడ మీద క్షిపణి ఉందా లేదా’ అనేది నౌకాదళం మాట. రెండో ప్రశ్నకి జవాబు చెప్పాల్సినవాడి పరిస్థితి మొదటి ప్రశ్నకి జవాబు చెప్పేవాడి కంటే ఎప్పుడూ కష్టం. అయితే త్రిశూల్ దగ్గర నేర్చుకున్నది, పెంచుకున్న మనుషులు, కట్టుకున్న ప్రయోగశాలలు ఎక్కడికీ పోలేదు. ప్రాజెక్టు ఓడిపోయినా ప్రోగ్రామ్‌కి మిగిలేది ఉంటుంది. ఈ లెక్కలో త్రిశూల్‌ని ఇంకా ముందే ఆపాల్సిందా అంటే నా మటుకు నేను ఆపాల్సిందనే అంటాను. కానీ ఆపడం చాలా కష్టం. ఆ కష్టం మీ ఉద్యోగంలోకీ వస్తుంది, కాసేపట్లో చెబుతాను.

మళ్లీ మీ ఇన్సూరెన్స్ క్లయింటు దగ్గరికి వద్దాం. వాళ్లు ఇంత డబ్బు ఎందుకు ఖర్చుపెడుతున్నారు? డేటా మారాలని కాదు, యాప్ రావాలనీ కాదు. బహుశా ఏజెంటు ఇంటికొచ్చినప్పుడే పాలసీ చేతిలో పెట్టాలని, ఫోన్ చేసిన కస్టమరుని నాలుగు చోట్లకి తిప్పకూడదని. ఇంకా ముఖ్యంగా ఆ పాత సిస్టంకి ఏటేటా కట్టే లైసెన్సు, దాన్ని నడిపే మనుషుల ఖర్చు వదిలించుకోవాలని. ఇప్పుడు మీ ముగ్గురి స్కోప్ డాక్యుమెంట్లు ముందేసుకుని ఒకటి వెతకండి: పాత సిస్టం ఆపే పని ఎవరి ప్లాన్‌లో ఉంది? ఎవరి ప్లాన్‌లోనూ ఉండదని నా అనుమానం. మీరు డేటా తరలిస్తారు, అంతే. దాన్ని స్విచ్ ఆఫ్ చేయడం అంటే దానిమీద ఆధారపడ్డ పాత రిపోర్టులన్నీ వెతకాలి, ఆడిట్ కోసం ఎన్నేళ్ల రికార్డు దాచాలో లీగల్ వాళ్లని అడగాలి, ‘ఇంకో ఆర్నెల్లు ఉంచండి’ అనే ప్రతి డిపార్ట్‌మెంటుతోనూ వాదించాలి. ఆ పని జరగకపోతే మూడు ప్రాజెక్టులూ టైముకి పూర్తయినా క్లయింటుకి రెండు సిస్టంల ఖర్చు మీద పడుతుంది. ఏజెంట్ల ట్రైనింగ్ కూడా ఇలాంటిదే. యాప్ టీమ్ యూజర్ మాన్యువల్ ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. యాభై ఏళ్లు దాటిన ఏజెంటు కాగితం ఫారం వదిలి ఫోన్ తీసేదాకా ప్రయోజనం సున్నా.

అందుకే ప్రోగ్రామ్ గో లైవ్‌తో అయిపోదు. మీ టీమ్ కేక్ కట్ చేసి ఫొటోలు పెట్టిన రోజుకి మీ పని సగంలో ఉంటుంది. ఇది అందరికీ పడదు. డెడ్‌లైన్ మీద పరిగెత్తి, అప్పగించి, ఊపిరి పీల్చుకుని, తర్వాతిది అందుకోవడంలో ఒక తృప్తి ఉంది. మీ ఐదేళ్లూ అలాగే గడిచి ఉంటాయి. ఆ తృప్తి మీకు ముఖ్యమైతే ప్రాజెక్టు మేనేజర్‌గానే ఉండి ఇంకా పెద్ద ప్రాజెక్టు అడగండి. అది తక్కువేమీ కాదు. పృథ్విని ఎగరేసినవారిని ఎవరూ చిన్నవాళ్లు అనరు. కార్పొరేట్ నిచ్చెనలో ఒకటి కింద మెట్టు, ఒకటి పై మెట్టు అన్నట్టు పెట్టడం హెచ్ఆర్ వాళ్ల సౌకర్యం కోసమే తప్ప ఈ రెండూ వేర్వేరు రకాల పనులు. ఒకదానిలో దిట్ట అయినవాళ్లు రెండోదానిలో నలిగిపోవడం మామూలే.

పేరు చూసి మోసపోవద్దని కూడా ఓ మాట. మైక్రోసాఫ్ట్‌లో ఏళ్ల తరబడి ప్రోగ్రామ్ మేనేజర్ అంటే సాఫ్ట్‌వేర్‌లో ఏ ఫీచరు ఎలా ఉండాలో రాసే మనిషి. జాతీయ ఆరోగ్య మిషన్‌లో జిల్లా ప్రోగ్రామ్ మేనేజర్ అంటే టీకాల నుంచి ప్రసూతి సేవల దాకా ఏటా నడిచే పథకాలు చూసుకునే అధికారి. లింక్డ్‌ఇన్‌లో ఆ టైటిల్ చూసి జీతాలు పోల్చుకోవడం మొదలుపెడితే మతిపోతుంది.

ఇప్పుడు మీ సార్ గురించి. ఉత్తరంలో ఇది మధ్యలో ఎక్కడో రాశారు గానీ అసలు టెన్షన్ ఇదేనని నాకనిపించింది.

మెయిల్ అందరికీ వెళ్లేలోపు మీరే వెళ్లి ఆయనకి చెప్పండి. టీమ్స్ చాట్‌లో మెసేజ్ పెట్టొద్దు, క్యాంటీన్‌కి పిలిచి ఎదురుగా చెప్పండి. ‘సార్, నన్ను ఇలా అడిగారు, ఇంకా ఒప్పుకోలేదు, మీరేమంటారు’ అనండి. ఆయన వేరేచోట వినడానికీ మీ నోట వినడానికీ చాలా తేడా ఉంటుంది. ఆ ఉద్యోగం ఆయనే ఆశించి ఉండొచ్చు కూడా, అలాగైతే ముందే తెలియడం మీకే మంచిది. సార్ అని పిలవడం మానక్కర్లేదు. మన ఆఫీసుల్లో తనకంటే పెద్దాయన్ని సార్ అంటూనే నడిపించేవాళ్లు బోలెడుమంది.

స్టేటస్ మాత్రం ఆయన్ని అడగొద్దు. అది అవమానంగా ఉంటుందనే కాదు, దానివల్ల మీకేమీ తెలియదు కాబట్టి. ‘ఎంతవరకు వచ్చింది సార్?’ అంటే ‘ఎనభై శాతం అయిందమ్మా’ అంటారు. ఆ ఎనభై శాతంతో ఏం చేసుకుంటారు? ‘సార్, మా డేటా డిసెంబరు మొదటి వారానికి అందకపోతే మీ దగ్గర ఏది ఆగుతుంది?’ అని అడగండి. ‘యాప్ వాళ్లు లాగిన్ పద్ధతి మారుస్తారట, అది మీకు ఇబ్బందా?’ అని అడగండి. ఆయన లోపలి ప్లాన్‌లో ఏ రోజు ఎవరు ఏం చేయాలన్నది ఆయన ఇష్టం, అందులో వేలు పెట్టొద్దు. ప్రాజెక్టు మేనేజర్ నుంచి ప్రోగ్రామ్ మేనేజర్ అయినవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే. చేయి ఊరుకోదు, పక్కవాళ్ల గాంట్ చార్టు (పనుల కాలపట్టిక) సరిచేయడం మొదలుపెడతారు. మీరు చూసుకోవాల్సింది ఆయన ప్లాన్‌లోంచి బయటికి వచ్చే తీగలు, బయటి నుంచి లోపలికి వెళ్లే తీగలు. ఇంతకాలం ఎవరూ ఆయన్ని ఆ ప్రశ్నలు అడిగి ఉండరు. అడిగితే అనుభవమున్న మనిషి కాబట్టి ఆయనే మీకు నాలుగు కొత్త సంగతులు చెబుతారు.

ఈ తీగల్ని ఒకే ఒక్క పేజీలో రాసుకోండి. ఎవరు, ఎవరికి, ఏమిటి, ఎప్పటికి ఇవ్వాలి, ఆ రోజు దాటితే ఏమవుతుంది. ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఇద్దరూ ఆ లైను చదివి ఒప్పుకోవాలి. మొదటిసారి ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి చదివిస్తే సగం లైన్ల దగ్గర ‘అదేంటి, అది మీరు కదా ఇవ్వాల్సింది’ అని వినిపిస్తుంది. వినిపించకపోతేనే అనుమానించాలి. మీరు మొదటి నెలలో ఇంకేమీ చేయకపోయినా ఈ పేజీ ఒక్కటి నిజాయితీగా తయారుచేస్తే జీతం హలాల్ చేసినట్టే.

శుక్రవారం మీ డెలివరీ హెడ్‌ని ఏం అడగాలో చెబుతాను. అన్నిటికంటే ముందు మీ ఇప్పటి ప్రాజెక్టు సంగతి. డేటా మార్చే ప్రాజెక్టుని ఇంకొకరికి అప్పగిస్తారా, లేక ‘అదీ చూస్తూ ఇదీ చూడు’ అంటారా? రెండోదైతే ఒప్పుకోకండి. పని భారం ఒక్కటే కాదు కారణం. రేపు యాప్ వాళ్లు ‘డేటా రెండు వారాలు ముందు కావాలి’ అని, మీ పాత టీమ్ ‘కుదరదు’ అంటే మీరు తీర్పు చెప్పే స్థానంలో ఉంటారు, అప్పుడు మీరే కక్షిదారు కూడా అయితే మీ మాట ఎవరు నమ్ముతారు? మీ సార్ అయితే అసలు నమ్మరు.

తర్వాత డబ్బు, మనుషులు. యాప్ టీమ్‌లో ఖాళీగా ఉన్న ఇద్దరు టెస్టర్లని కాల్ సెంటర్‌కి పంపాలంటే మీ మాట చాలా, లేక ముగ్గురి బాసుల దగ్గరికీ తిరగాలా? మూడు ప్రాజెక్టుల్లో ఒకదాన్ని రెండు నెలలు ఆపితే మొత్తానికి మంచిదని మీకు తేలితే ఆ మాట ఎవరికి చెప్పాలి, వాళ్లు వింటారా? ఇందాక త్రిశూల్ దగ్గర చెప్పిన కష్టం ఇదే. నడుస్తున్న ప్రాజెక్టుని ఆపమనడం ఎవరికీ ఇష్టముండదు, అందులో బిల్లింగ్ ఉంటే మరీను. సర్వీసెస్ కంపెనీలో మీరు ‘ఆపండి’ అంటే ఆ నెల మీ కంపెనీ ఆదాయమే తగ్గుతుంది. ఈ తిరకాసు గురించి మీ హెడ్‌తో ముందే మాట్లాడుకోండి. ఆయన నవ్వేసి ‘అంతదాకా రాదులే’ అంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇంకోటి, దీన్ని చాలామంది మర్చిపోతారు: క్లయింటు వైపు ఎవరు? మూడు ప్రాజెక్టులకీ కలిపి అక్కడ ఒక్క స్పాన్సర్ (డబ్బుకీ నిర్ణయాలకీ బాధ్యుడైన పెద్ద) ఉన్నారా, లేక ఐటీకి ఒకరు, సేల్స్‌కి ఒకరు, కస్టమర్ సర్వీసుకి ఒకరు ఉండి వాళ్లలో వాళ్లకి పడదా? ముగ్గురుంటే వాళ్ల తగాదాలు మీ ఇన్‌బాక్స్‌లో తేలతాయి. క్లయింటు దగ్గరే సొంత ప్రోగ్రామ్ మేనేజర్ ఉంటే అసలు ప్రోగ్రామ్ అక్కడుంది, మీది మీ కంపెనీ వైపు డెలివరీ సమన్వయం మాత్రమే. అదీ మంచి పనే, కాకపోతే పాత సిస్టం ఆపే బాధ్యత మీ నెత్తిన వేయకూడదు. ఏది మీ బాధ్యత అన్నది ఒక మెయిల్‌లో రాయించుకోండి. పైన అడిగినవాటిలో ఒక్కదానికైనా సూటిగా జవాబు రాకపోతే పేరు గొప్ప ఊరు దిబ్బ. గొడవ జరిగినప్పుడు నిందలు పడటానికి ఒక మనిషి కావాలని మిమ్మల్ని పెడుతున్నారని అర్థం. జవాబులు సూటిగా వస్తే మాత్రం నేనైతే తీసుకోమంటాను. డేటా వైపు నుంచి వచ్చినవాళ్లకి ఈ పనిలో ఒక అనుకూలత ఉంది. మిగతా రెండు టీమ్‌లూ మీ డేటా మీదే ఆధారపడ్డాయి కాబట్టి ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో ఇప్పటికే సగం మీకు తెలుసు.

పీజీఎంపీకి ఇప్పుడే కంగారు పడకండి. ప్రాజెక్టులు నడిపిన అనుభవంతో పాటు ప్రోగ్రామ్‌లు నడిపిన అనుభవం కూడా కొన్నేళ్లది చూపిస్తే గానీ ఆ దరఖాస్తు నిలబడదు. మీరు రాసింది ఒక ప్యానెల్ చదివి సరేనంటేనే పరీక్ష రాయనిస్తారు, ఆ పరీక్ష నాలుగు గంటలు. పెద్ద ప్రాజెక్టుని ప్రోగ్రామ్ అని రాసి పంపినవాళ్లు ఆ ప్యానెల్ దగ్గరే ఆగిపోతారు. అందుకే ఈ పని తీసుకుంటే మొదటి రోజు నుంచీ ఏ ప్రయోజనం కోసం ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో నెలకోసారి అరపేజీ రాసి పెట్టుకోండి. రేపు దరఖాస్తుకి అదే పనికొస్తుంది. అప్రైజల్‌కి అంతకంటే ముందే పనికొస్తుంది. ఫీజు కంపెనీ కడుతుందా అన్నది కూడా శుక్రవారమే అడిగేయండి, ఒప్పుకునేముందు అడిగితే ఇస్తారు, ఒప్పుకున్నాక అడిగితే పాలసీ చూస్తామంటారు.